లాప్‌టాప్ మూసినా ఆఫీసు వదలనివాళ్లకి: ఇల్లు, ఉద్యోగం, హాబీ, ప్రయాణాలు సర్దుకోవడం ఎలా?

మా పాపకి ఏడేళ్లప్పటి సంగతి. రాత్రి ఎనిమిదిన్నర అయింది. లాప్‌టాప్ ముందు కూర్చుని "రెండు నిమిషాలు, వచ్చేస్తున్నా" అన్నాను. అది వంటింట్లోకి వెళ్లి టైమర్ తెచ్చింది. సరిగ్గా రెండు నిమిషాలకి తిప్పి నా కీబోర్డు పక్కన పెట్టింది. మోగింది. "ఇంకో రెండు" అన్నాను. మళ్లీ తిప్పింది. అలా నాలుగుసార్లు మోగాక టైమర్ని అక్కడే వదిలేసి వెళ్లి పడుకుంది. ఏడవలేదు, అలగలేదు. నాకు అదే ఎక్కువ గుచ్చుకుంది. ఆ రాత్రి అంత అర్జంటుగా ఏం చేస్తున్నానో ఇప్పుడు ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.

నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. గంటలు లెక్కేస్తే ఆ వారం నేను మరీ ఎక్కువ పనేమీ చేయలేదు. సాయంత్రం ఆరున్నరకే ఇంట్లో ఉన్నాను. కానీ మనిషిని ఇంట్లో ఉన్నానే గానీ మనసు ఇంకా గడప అవతలే ఉంది. చాలా ఇళ్లలో జరిగేది ఇదేననుకుంటాను. రోజుకి ఎన్ని గంటలు దేనికి అని పంచుకుంటూ కూర్చుంటాం. తేడా కొట్టేది మాత్రం ఒక పనిలోంచి ఇంకో పనిలోకి దాటేచోట. ఆఫీసు నుంచి ఇంట్లోకి, ఇంట్లోంచి సెలవులోకి, సెలవులోంచి మళ్లీ ఆఫీసులోకి. ఆ గడపలు దాటడానికి నేను చేసే పనులు ఇవి. కొన్ని పుస్తకాల్లో దొరికాయి, ఎక్కువ మాత్రం దెబ్బలు తిని నేర్చుకున్నవి.

1. ముందు ఒక వారం రాసుకోండి

ఏమీ మార్చకండి. యాప్ కూడా వద్దు, ఒక కాగితం చాలు. రోజూ మూడే మూడు విషయాలు రాయండి: పని ఎన్నింటికి ముగిస్తానని అనుకున్నారు, నిజంగా ఎన్నింటికి ముగించారు, మధ్యలో ఏం జరిగింది.

మూడోదే ముఖ్యం. "పని ఎక్కువైంది" అని రాస్తే లాభం లేదు. "ఐదూ యాభైకి టెస్టులు రన్ చేశాను, రెండు ఫెయిలయ్యాయి, వదల్లేక కూర్చున్నాను" అని రాయండి. (టెస్టులంటే కోడ్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే చిన్న ప్రోగ్రామ్‌లు.) నేను రాసుకున్న వారంలో ఐదు రోజులకి మూడు రోజులు ఒకటే కథ. లేవబోతుండగా ఎవరో మెసేజ్ పెట్టారు, నేను వెంటనే జవాబిచ్చాను, ఆ జవాబుకి ఇంకో ప్రశ్న వచ్చింది. ఆ మూడింట్లో ఒక్కటి కూడా తెల్లారేదాకా ఆగలేని పని కాదు.

ఇలాంటిదే మీకూ కనిపిస్తే మందు చిన్నదే. జవాబు రాయండి, పంపకండి. జీమెయిల్, అవుట్‌లుక్, ఆఫీసు మెసేజ్‌ల యాప్ స్లాక్ మూడింట్లోనూ ఫలానా టైమ్‌కి పంపమని పెట్టే వీలుంది. పొద్దున తొమ్మిదికి పెట్టేయండి. మీ బుర్రలోంచి పని దిగిపోతుంది, అవతలివాళ్ల సాయంత్రం కూడా పాడవదు.

2. రోజు చివర పావుగంట ఆపే పనికే కేటాయించండి

ఇదొక్కటి కుదిరితే మిగతావి సగం కుదిరినట్టే. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ రాస్తున్నాను.

సోఫీ లెరోయ్ అనే పరిశోధకురాలు 2009లో ఒక సంగతి బయటపెట్టారు. ఒక పని మధ్యలో వదిలేసి ఇంకో పనికి మారినప్పుడు మన ధ్యాసంతా మారిపోదు, కొంత పాత పని దగ్గరే అంటుకుని ఉండిపోతుంది. దానికి ఆవిడ పెట్టిన పేరు "అటెన్షన్ రెసిడ్యూ". గిన్నె అడుగున మిగిలిపోయిన మడ్డి లాంటిదన్నమాట. పిల్ల చెప్పే కథకి మనం ఊ కొడుతూ ఉంటాం, లోపల మాత్రం ఆ ఫెయిలైన టెస్టే తిరుగుతుంటుంది. 2018లో ఆవిడే థెరీసా గ్లోమ్‌తో కలిసి చేసిన ఇంకో అధ్యయనంలో విరుగుడు కూడా దొరికింది. పని ఆపే ముందు ఎక్కడ ఆపుతున్నామో, తిరిగొచ్చాక ముందు ఏం చేయాలో రెండు ముక్కలు రాసిపెట్టుకుంటే ఆ అంటుకోవడం తగ్గుతుందట.

నేను దాన్ని ఇలా వాడుతున్నాను. ముగించాలనుకున్న టైమ్‌కి ఇరవై నిమిషాల ముందు అలారం మోగుతుంది. ఐదు నిమిషాల్లో చేతిలో ఉన్న ముక్క ఆపేసి, ఒక ఫైల్లో మూడు లైన్లు రాస్తాను:

ఎక్కడ ఆపాను: పేమెంట్ రీట్రై కోడ్ రాశాను, రెండోసారి ప్రయత్నించినప్పుడు ఆర్డర్ రెండుసార్లు పడుతోంది.
రేపు మొదటి పని: రిక్వెస్ట్ ఐడీ లాగ్‌లో ప్రింట్ చేసి చూడాలి.
ఎవరి మీద ఆగింది: ఎవరి మీదా కాదు.

చూడండి, రెండో లైన్లో "బగ్ ఫిక్స్ చేయాలి" అని లేదు. చెయ్యి పెట్టి మొదలుపెట్టగలిగేంత చిన్న పని ఉంది. అంత చిన్నగా రాస్తేనే మనసు నమ్ముతుంది. పెద్ద మాటలు రాస్తే రాత్రంతా దాన్నే నములుతూ ఉంటుంది.

ప్రోగ్రామర్లకి పాత చిట్కా ఒకటుంది: కావాలనే ఒక ఫెయిలయ్యే టెస్టు రాసి వదిలేసి వెళ్లడం. పొద్దున రాగానే ఎర్రగా కనిపిస్తుంది, ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కోనక్కర్లేదు. సగంలో ఉన్న కోడ్‌ని మీ బ్రాంచ్‌కి పుష్ చేసేయండి, అంటే సర్వర్లో మీకంటూ ఉన్న విడి కాపీలోకి ఎక్కించేయండి. "ఈ ఒక్కటీ చక్కబెట్టి కమిట్ చేస్తాను" అన్నప్పుడే గంట ఎగిరిపోతుంది.

చివరి గంటలో డిప్లాయ్, అంటే కొత్త కోడ్‌ని వాడకంలోకి దింపడం, మొదలుపెట్టకండి. ఇరవై నిమిషాల బిల్డ్ (కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా తయారుచేయడం) అంటారు, అది పచ్చగా వెలిగే వరకూ మీరు లేవరు. వెలిగాక గ్రాఫులు చూస్తూ ఇంకో అరగంట. శుక్రవారం సాయంత్రం డిప్లాయ్ చేసేవాళ్ల గురించి ఇక్కడ ఏమీ రాయను, వాళ్లకి శనివారమే జవాబు చెబుతుంది.

ఇంటి నుంచి పనిచేసేవాళ్లకి దారి అనేదే ఉండదు. కుర్చీలోంచి లేస్తే ఇల్లే. అందుకని దారిని మనమే కల్పించుకోవాలి. నేను పది నిమిషాలు బయట నడిచి, మళ్లీ తలుపు తీసుకుని లోపలికి వస్తాను. మొదట్లో మా ఆయన నవ్వేవారు. ఇప్పుడు ఆయనా అదే చేస్తున్నారు. నడిచి వచ్చాక ఆఫీసు ఫోన్ నోటిఫికేషన్లు ఆపేయడం రెండో పని. ఆండ్రాయిడ్‌లో వర్క్ ప్రొఫైల్ ఉంటే ఒక్క నొక్కుతో పాజ్ చేయొచ్చు. ఐఫోన్‌లో ఫోకస్ మోడ్ టైమ్‌ని బట్టి దానంతటదే ఆన్ అయ్యేలా పెట్టొచ్చు. చేత్తో ఆపుదామనుకుంటే మర్చిపోతారు, ఆటోమేటిక్‌గా పెట్టండి.

3. ఆదివారం ఇరవై నిమిషాలు, ఇంటి క్యాలెండర్ ముందు

ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో పోట్లాటలు ఎక్కువగా "నువ్వు ముందే చెప్పలేదు" దగ్గర మొదలవుతాయి. అందుకని ఒకే క్యాలెండర్ పెట్టండి. ఫోన్లోనైనా సరే, గోడ మీదైనా సరే. పిల్లలుంటే గోడ మీదే మేలు, వాళ్లూ చూస్తారు.

ఏది ముందు రాయాలన్నదే ఇక్కడ కిటుకు. జరపడానికి వీల్లేనివి ముందు రాయండి: ఆన్‌కాల్ వారం (సిస్టమ్‌కి ఏదైనా అయి పేజర్ అలారం మోగితే ఏ వేళైనా మీరే చూడాల్సిన వారం), రిలీజ్ తేదీ, డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిన రోజు, బడిలో కార్యక్రమం. తర్వాత ఇద్దరి హాబీ సాయంత్రాలు. ఆ తర్వాతే మిగతావన్నీ. చివర్న ఒక సాయంత్రం ఖాళీగా వదిలేయండి. దాని మీద "ఖాళీ" అనే రాయండి, లేకపోతే బుధవారానికల్లా దాన్ని ఎవరో ఒకరు ఆక్రమిస్తారు.

ఆన్‌కాల్ వారంలో పిల్లలకి ఏ మాటా ఇవ్వొద్దు. ఇది మా ఇంటి రూలు. "పేజర్ మోగకపోతే పార్కుకి వెళ్దాం" అన్నది మాట ఇవ్వడం కాదు, లాటరీ టికెట్ ఇవ్వడం. దానికి బదులు "ఈ వారం నేను ఆన్‌కాల్, పార్కు వచ్చే శనివారం" అని చెప్పి గోడ మీద రాయండి. పిల్లలు వారం ఆగగలరు. ఆఖరి నిమిషంలో రద్దయితేనే తట్టుకోలేరు.

వేరే దేశాల టీములతో పనిచేసేవాళ్లకి ఒక చిన్న హెచ్చరిక. అమెరికాలో గడియారాలు మార్చి రెండో ఆదివారం ముందుకి జరుగుతాయి, యూరప్‌లో మార్చి చివరి ఆదివారం. మధ్యలో రెండు మూడు వారాలు మీ మీటింగులు గంట అటూ ఇటూ అవుతాయి. వెనక్కి జరిపేటప్పుడు యూరప్ అక్టోబర్ చివరి ఆదివారం, అమెరికా నవంబర్ మొదటి ఆదివారం, అంటే ఒక వారం తేడా. ఈ తేదీలు ఏడాది మొదట్లోనే ఇంటి క్యాలెండర్‌లో వేసుకోండి. సరిగ్గా పిల్లని నిద్రపుచ్చే టైమ్‌లోకి ఒక మీటింగు ఊడిపడితే ఎంత చిరాగ్గా ఉంటుందో నాకు రెండేళ్లు వరసగా తెలిసొచ్చింది.

4. ఆఫీసులో చెప్పండి, సంజాయిషీలా కాదు

"ఫ్యామిలీ టైమ్ కావాలండీ" అంటే మేనేజర్‌కి ఏం చేయాలో తెలియదు. "ఆరు నుంచి ఎనిమిదిన్నర వరకూ దొరకను, ప్రొడక్షన్ (జనం వాడే అసలు సిస్టమ్) పడిపోతే ఫోన్ చేయండి, మెసేజ్ అయితే చూడను" అంటే తెలుస్తుంది. టైమ్ చెప్పండి, దారి చెప్పండి, ఏది అర్జంటో చెప్పండి. ఆ తర్వాత మీరే ఏడింటికి జవాబులిస్తే చెప్పిన మాట నీళ్లలో పోసినట్టే.

కొన్ని దేశాల్లో దీనికి చట్టమే ఉంది. ఫ్రాన్స్‌లో 2017 జనవరి 1 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు 26 నుంచి పని వేళల తర్వాత డిస్‌కనెక్ట్ అయ్యే హక్కు అమల్లోకి వచ్చింది. మీ దగ్గర ఉందో లేదో ఒకసారి చూసుకోండి. ఉన్నా సరే, పై మూడు మాటలు మీరు చెప్పుకోవాల్సిందే.

5. హాబీని ప్రాజెక్టు చేయకండి

నేను పెన్సిల్‌తో బొమ్మలు వేస్తాను. బాగా వేస్తానని కాదు. మొదట్లో దానికి కూడా జిరా బోర్డు (ఆఫీసు పనుల్ని టికెట్లుగా రాసుకునే సాఫ్ట్‌వేర్) పెట్టుకున్నాను, సిగ్గుపడుతూనే చెబుతున్నాను. "చేతులు – 30 స్కెచ్‌లు" అని ఒక టికెట్, దానికి డ్యూ డేట్. మూడు వారాల్లో పెన్సిల్ అంటేనే విసుగొచ్చింది. మన రంగంలో వాళ్లకి ఇదొక జబ్బు. దేన్నైనా కొలవాలి, పెంచాలి, చివరికి దాంతో నాలుగు డబ్బులు సంపాదించాలి. హాబీలో చేతకానితనానికి చోటుంది, దాని అందమే అది.

ఎలా నిలబెట్టుకోవాలి? సామాను కళ్లెదురుగా పెట్టండి. నా స్కెచ్ పుస్తకం బీరువాలో ఉన్నన్నాళ్లూ నెలకోసారి కూడా బయటికి రాలేదు. ఇప్పుడు భోజనాల బల్ల చివర తెరిచే ఉంటుంది, పెన్సిల్ చెక్కి మధ్యలో పెట్టి ఉంటుంది. గిటారైతే సంచిలోంచి తీసి స్టాండ్ మీద పెట్టండి. మొదలుపెట్టడానికి అర నిమిషం కంటే ఎక్కువ పట్టే హాబీ అలసిపోయిన సాయంత్రం ఫోన్ ముందు ఓడిపోతుంది.

వీలైతే తెర లేని హాబీ పట్టుకోండి. రోజంతా తెర చూసి, తీరిక దొరగ్గానే ఇంకో తెర చూస్తే కళ్లకి ఆ రెంటికీ తేడా తెలియదు.

హాబీ విషయంలో ఇంట్లో గొడవ రాకూడదంటే, మీ సాయంత్రం అడిగేముందు అవతలి మనిషి సాయంత్రం క్యాలెండర్‌లో రాయండి. మాకు మంగళవారం ఆయనది, గురువారం నాది. ఆ గంటన్నరలో పిల్ల, ఇల్లు, ఫోన్లు అన్నీ రెండో వాళ్లవే. "నా వస్తువు ఎక్కడుంది?" అని కూడా అడగకూడదు.

6. ప్రయాణం: వెళ్లేముందు, వచ్చాక

ప్రయాణంలో ఉన్న రోజుల గురించి సలహాలిచ్చేవాళ్లు చాలామందే ఉన్నారు. నేను రెండు చివర్ల గురించే రాస్తాను.

నెదర్లాండ్స్‌లో 1,530 మందిని గమనించి 2010లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. సెలవుకి వెళ్లబోయేవాళ్లు వెళ్లనివాళ్లకంటే ముందు నుంచే ఎక్కువ సంతోషంగా ఉన్నారు. తిరిగొచ్చాక మాత్రం, బాగా సేదతీరామన్నవాళ్లని మినహాయిస్తే, రెండు గుంపులకీ తేడా కనిపించలేదు. అంటే ఎదురుచూపులోనే బోలెడు ఆనందం ఉంది. దాన్ని మీ ఒక్కరి బ్రౌజర్ ట్యాబుల్లో దాచుకోకండి. వెళ్లే చోటు రెండు నెలల ముందే పిల్లలకి చెప్పండి, ఒక రోజు మొత్తం ఏం చేయాలో వాళ్లనే నిర్ణయించమనండి. పోయినసారి మా పాప తన రోజుకి వేసిన ప్లాన్‌లో "లేవకపోవడం" అని ఒక ఐటెమ్ ఉంది. పాటించాం.

ఆఫీసు వైపు: వెళ్లేముందు ఒక పేజీ హ్యాండోవర్ రాయండి. నా గైర్హాజరీలో ఆగగలిగేవి, వేరేవాళ్లు నిర్ణయించాల్సినవి వాళ్ల పేర్లతో సహా, నాకు తప్పక ఫోన్ చేయాల్సినవి. మూడో జాబితాలో రెండు లైన్ల కంటే ఎక్కువుంటే మీరు సెలవు మీద వెళ్లడం లేదని అర్థం. దీన్ని బయల్దేరే రోజు రాయకండి. మూడు రోజుల ముందు రాసి, చివరి రెండు రోజులూ వాళ్లే పని నడిపేలా చూసి, మీరు పక్కన ఉండండి. అతుకు ఎక్కడ ఊడుతుందో మీరు ఊళ్లో ఉండగానే తెలుస్తుంది.

ఆటో రిప్లైలో తిరిగొచ్చే తేదీని ఒక రోజు పొడిగించి పెట్టండి. ఆ రోజు మీరు ఆఫీసులోనే ఉంటారు, కానీ ఎవరూ మీ కోసం ఎదురుచూడరు. పాత మెయిళ్లు ప్రశాంతంగా చూసుకోవచ్చు. ఇంటికి చేరడం కూడా ఆదివారం అర్ధరాత్రి కాకుండా శనివారం ఉండేలా టికెట్లు తీసుకోండి. బట్టలు ఉతుక్కోవడానికి, పిల్లలు తమ మంచం మీద ఒక రాత్రి పడుకోవడానికి ఒక రోజు కావాలి. ప్రయాణంలో ఒక రోజు తగ్గినా ఫర్వాలేదు.

7. జ్ఞాపకాలు: తీయడం తేలిక, ఉంచుకోవడమే కష్టం

అమెరికాలోని ఫెయిర్‌ఫీల్డ్ యూనివర్సిటీకి చెందిన లిండా హెంకెల్ విద్యార్థుల్ని ఒక మ్యూజియంకి తీసుకెళ్లి, కొన్ని వస్తువుల్ని ఊరికే చూడమన్నారు, కొన్నిటిని ఫొటో తీయమన్నారు. మర్నాడు అడిగితే, ఫొటో తీసినవాటికంటే చూసినవే ఎక్కువ గుర్తున్నాయి. 2014 నాటి పరిశోధన అది. అందులోనే ఇంకో ముక్క ఉంది, దాన్ని చాలామంది వదిలేస్తారు. వస్తువులో ఒక భాగాన్ని జూమ్ చేసి తీసినప్పుడు జ్ఞాపకం తగ్గలేదు. కాబట్టి ఫొటోలు మానేయనక్కర్లేదు, దగ్గరికి వెళ్లండి. కొండ మొత్తం ఒక ఫొటో, ఆ కొండెక్కిన బూట్లకి అంటిన మట్టి ఒక ఫొటో. పదేళ్ల తర్వాత మీరు ఎక్కువసేపు చూసేది రెండోదే.

ఫొటో పట్టుకోలేనిది రాత్రి పడుకునేముందు రాయండి. మర్చిపోవడం మొదటి గంటల్లోనే ఎక్కువ జరుగుతుందని జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబింగ్‌హాస్ 1885లోనే తేల్చాడు. కాబట్టి "ఇంటికెళ్లాక తీరిగ్గా రాద్దాం" అన్నది కుదరదు. ఐదు లైన్లు చాలు. "చాలా బాగుంది, ఎంజాయ్ చేశాం" అని రాయకండి. ఎవరు ఏమన్నారో రాయండి. నా పుస్తకంలో ఒక లైను: "రైలు రెండు గంటలు లేటు. పాప నా బ్యాగు మీద తల పెట్టి పడుకుని, నిద్రలో 'టికెట్ నా దగ్గరే ఉంది' అంది." ఆ స్టేషన్ ఫొటో ఒక్కటీ లేదు నా దగ్గర. ఆ లైను చదివితే చాలు, ప్లాట్‌ఫారం మొత్తం కనిపిస్తుంది.

ముప్ఫై సెకన్లు ఊరికే శబ్దం రికార్డు చేయడం కూడా అలవాటు చేసుకోండి. వాన, సముద్రం, హోటల్ గదిలో పిల్లల పోట్లాట. వీడియో అక్కర్లేదు. 4కే వీడియో నిమిషానికి సుమారు 170 మెగాబైట్లు మింగుతుంది, అదీ బాగా కుదించే ఫార్మాట్‌లో. పది నిమిషాలు తీస్తే 1.7 గిగాబైట్లు. మళ్లీ చూసేదెవరు?

ఇక దాచడం. నేను ఒకసారి ఒక ప్రయాణం మొత్తం పోగొట్టుకున్నాను. ఫోన్ నీళ్లలో పడింది, బ్యాకప్ ఆన్‌లో ఉందనుకున్నాను, వైఫై దొరికినప్పుడే ఎక్కించేలా సెట్టింగ్ ఉందని చూసుకోలేదు. తొమ్మిది రోజుల్లో వైఫై దొరికింది ఒకే రాత్రి. ఆ రాత్రి ముందువి ఉన్నాయి, తర్వాతవి లేవు. రోజూ సర్వర్ల బ్యాకప్‌ల గురించి మాట్లాడే మనిషిని, ఇంటికొచ్చేసరికి ఇదీ నా నిర్వాకం.

ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ వల్ల ప్రచారంలోకి వచ్చిన 3-2-1 పద్ధతి ఇళ్లకి కూడా సరిపోతుంది. మూడు కాపీలు, రెండు రకాల మీడియా మీద, ఒకటి ఇంటి బయట. ఆచరణలో: ఫోన్‌లో ఒకటి, ఇంట్లో హార్డ్ డిస్క్ మీద ఒకటి, క్లౌడ్‌లో ఒకటి. ఒక్క విషయం మర్చిపోవద్దు. సింక్ వేరు, బ్యాకప్ వేరు. సింక్ ఆన్‌లో ఉంటే ఫోన్‌లో డిలీట్ చేసినది క్లౌడ్‌లోనూ పోతుంది. బ్యాకప్ అయిన ఫొటోని గూగుల్ ఫొటోస్ ట్రాష్‌లో 60 రోజులు ఉంచుతుంది, ఆపిల్ 30 రోజులు. ఆ తర్వాత అడిగినా దొరకదు. అందుకే హార్డ్ డిస్క్ కాపీ కావాలి.

తోటి ప్రయాణికుల దగ్గర ఫొటోలు తీసుకునేటప్పుడు వాట్సాప్‌లో మామూలుగా పంపించుకోకండి. ఫొటో కుదించుకుపోతుంది, ఎప్పుడు ఎక్కడ తీశారన్న వివరాలు కూడా రాలిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపమనండి, అసలు ఫైలే వస్తుంది.

విడిగా కెమెరా వాడేవాళ్లకి ఇంకో తలనొప్పి. టైమ్ జోన్ మారినప్పుడు ఫోన్ గడియారం దానంతటదే మారుతుంది, కెమెరాది చాలాసార్లు మారదు. ఇంటికొచ్చి రెండింటి ఫొటోలూ కలిపితే పొద్దుటి టిఫిను సాయంత్రం సూర్యాస్తమయం తర్వాత వచ్చి కూర్చుంటుంది. దిగగానే స్టేషన్లోనో ఎయిర్‌పోర్టులోనో గోడ గడియారాన్ని కెమెరాతో ఒక ఫొటో తీయండి. ఆ ఫొటోలో కనిపించే టైమ్‌కి, ఫైల్లో నమోదైన టైమ్‌కి తేడా ఎంతో తెలిసిపోతుంది. ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో ఫోల్డర్ మొత్తాన్ని ఆ తేడా మేరకు ఒకేసారి జరపొచ్చు.

ఫోల్డర్ పేర్లు ఐఎస్ఓ 8601 పద్ధతిలో పెట్టండి: ముందు ఏడాది, తర్వాత నెల, తర్వాత రోజు, "2024-05-17" అన్నట్టు. ఆ తర్వాత చోటు పేరు. ఏ కంప్యూటర్లో తెరిచినా వరసలోనే ఉంటాయి. "కొత్త ఫోల్డర్ 3", "ట్రిప్ ఫైనల్", "ట్రిప్ ఫైనల్ నిజంగా" అన్న పేర్లు ఉన్నవాళ్లు ఈ ఆదివారం కూర్చోండి, నేనూ ఒకప్పుడు కూర్చున్నదాన్నే.

ఏరడం మాత్రం ఇంటిల్లిపాదీ కలిసి చేయండి. వారానికి ఒక సాయంత్రం, ఇరవై నిమిషాలు, ఒక రోజు ఫొటోలు మాత్రమే. ఒక్కో మనిషికి మూడు ఫొటోలు ఎంచుకునే హక్కు. మిగతావి డిలీట్ చేయనక్కర్లేదు, హార్డ్ డిస్క్‌లో పడి ఉంటాయి. ఐదు రోజుల ప్రయాణం ఐదు వారాల్లో పూర్తవుతుంది, మాలా ముగ్గురుంటే ఆల్బమ్‌లో నలభై ఐదు ఫొటోలు మిగులుతాయి. ముగ్గురూ ఎంచుకునేవి ఎంత వేరుగా ఉంటాయో మీకే తెలుస్తుంది. మేం కోట ఫొటోల కోసం కొట్టుకుంటుంటే, మా పాప హోటల్ లిఫ్టు బటన్ల ఫొటో తీసి పక్కన పెట్టుకుంది.

8. వారం చెడిపోయినప్పుడు

చెడిపోతుంది. రిలీజ్ జరుగుతుంది, పిల్లకి జ్వరం వస్తుంది, పేజర్ రాత్రి రెండింటికి మోగుతుంది. అలాంటి వారం అన్నీ నిలబెట్టాలని చూడకండి. రెండే ఉంచండి: సాయంత్రం మూడు లైన్లు, ఆదివారం క్యాలెండర్. హాబీ ఒక వారం ఆగుతుంది, ఫొటోలు ఆగుతాయి. కానీ తప్పిపోయిన హాబీ సాయంత్రాన్ని ఆ ఆదివారమే కొత్త తేదీతో మళ్లీ రాయాలి. రాయకపోతే అది మొదట వారం, తర్వాత నెల, ఆ తర్వాత "ఒకప్పుడు బొమ్మలు వేసేదాన్ని" అయిపోతుంది.

ఆల్బమ్ ప్రింట్ చేయించేటప్పుడు ఒక్కటి చూసుకోండి. ప్రయాణం నుంచి వచ్చిన రెండు నెలల్లోపు ఆర్డర్ ఇవ్వండి, దాటితే ఇక ఇవ్వరు. ప్రతి పేజీలో కింద రెండు వేళ్ల వెడల్పు ఖాళీ వదలండి, కాగితం నిగనిగలాడే రకం కాకుండా పెన్ను రాసే రకం అడగండి. మా ఆల్బమ్‌లో ఒక ఫొటో కింద నేను "ఇక్కడ పాప ఏడ్చింది" అని రాశాను. వారం తర్వాత చూస్తే దాని కిందే పెన్సిల్‌తో, వంకర అక్షరాల్లో ఉంది: "ఏడవలేదు. కంట్లో ఇసుక."